రెండో మనిషి

మార్చి 4

ఈ రోజు కూడా షాపులో ఈయన అడ్డమైన ప్రతిదానికీ "ఆగు" అన్నారు. జ్వరం మాత్రలకు ఆగు. పసిపిల్ల దగ్గు మందుకు ఆగు. చివరికి ఎవరో దూది కట్ట కొనుక్కుంటుంటే దానికీ ఆగు. దూదికి మోతాదేమిటండీ అని నేను నవ్వాను. కౌంటర్ అవతల నిలబడ్డవాళ్ళూ నవ్వారు. ఈయన కూడా నవ్వారు, ఎందుకో తెలిసి కాదు, అందరూ నవ్వుతున్నారని.

నేను నవ్వకుండా ఉండాల్సింది.

మార్చి 6

అమ్మాయి వచ్చి వెళ్ళింది. కొత్త మాటేం లేదు. నాన్నని ఇంక షాపులో కూర్చోబెట్టొద్దని. "ఆయనకి మనుషుల పేర్లే గుర్తుండట్లేదమ్మా, మందుల పేర్లేం గుర్తుంటాయి?" అంది. మనుషులు వేరు, మందులు వేరు అన్నాను. నా వైపు జాలిగా చూసింది. నా కడుపున పుట్టిన పిల్ల నన్ను జాలిగా చూడడం నాకు గిట్టదు. కాఫీ ఇచ్చి పంపించేశాను.

దానికేం తెలుసు. షాపు పెట్టిన రోజున ఈయన నాతో చేసుకున్న ఒప్పందం ఒక్కటే. ఇద్దరమూ ఫార్మసీ చదివినవాళ్ళమే, ఎవరి తెలివీ తక్కువది కాదు. అయినా సరే, అరలోంచి మందు తీసినవాళ్ళు దాన్ని తిన్నగా రోగి చేతికి ఇవ్వకూడదు. రెండో మనిషి చేతికి ఇవ్వాలి. రెండో మనిషి డాక్టరు చీటీ చూసి, మందు చూసి, ఎవరికి, ఏది, ఎంత అని సరిచూసుకోవాలి. సరిపోతే "సరే". ఏ కాస్త తేడా అనిపించినా "ఆగు". ఆగు అన్నాక ఇంక వాదన లేదు. ఎందుకని అడగకూడదు. నాకు తెలుసులే అనకూడదు. మొత్తం వెనక్కి తీసుకుని మొదటినుంచీ చూడాలి.

పెళ్ళయిన కొత్తలో అలకలొచ్చి మాటలు మానేసిన రోజుల్లో కూడా ఈ రెండు మాటలూ మానలేదు. మూతి ముడుచుకునే సరే, మూతి ముడుచుకునే ఆగు. కొన్ని రోజులు మా సంసారం మొత్తం ఆ రెండు మాటలే.

ఇప్పుడు ఈయనకు మిగిలినవీ ఆ రెండే. వాటిని కూడా లాక్కోనా?

నేను ప్రతి మందూ రెండుసార్లు చూసుకుంటున్నాను. తీసేటప్పుడు ఒకసారి, ఈయన చేతిలోంచి తీసుకునేటప్పుడు ఒకసారి. చాలు.

మార్చి 9

దర్జీ తమ్ముడు వచ్చాడు. మందులకు కాదు, ఈయన తెల్లకోటుకు గుండీలు ఊడిపోతే పంపించాను, కుట్టి తెచ్చాడు. అతని కుట్టుమిషను మా షాపుకు ఎదురు వరసలోనే. నన్ను అక్కా అని పిలవడం ఎప్పుడు మొదలుపెట్టాడో నాకే గుర్తులేదు. నేను అక్కనైతే ఈయన బావగారు కావాలి కాబట్టి, వేళాకోళమాడే హక్కు కూడా తనే రాయించుకున్నాడు. "బావగారూ, కోటు నడుం దగ్గర కాస్త వదులు చేశాను, మా అక్క వంట మీకు బాగానే ఒంటబట్టింది" అన్నాడు.

గుండెలో కవాటం మార్పించుకున్న మనిషి. రక్తం గడ్డకట్టకుండా బతికినన్నాళ్ళూ మాత్రలు వేసుకోవాలి. కొత్తలో ఈయనే కూర్చోబెట్టి అన్నీ చెప్పారు. ఎక్కువైతే ఒంట్లో ఎక్కడో చోట రక్తం కారుతుంది, తక్కువైతే గడ్డ కడుతుంది, రెండూ ప్రాణం మీదికే అని. చెప్పి వదిలేస్తే ఈయన ఎందుకవుతారు. "ఇప్పుడు నువ్వు నాకు చెప్పు" అని తిరిగి చెప్పించుకున్నారు. తప్పు చెబితే మళ్ళీ మొదటికొచ్చారు. బయటికెళ్తూ దర్జీ తమ్ముడు "బళ్ళో కూడా నన్నిలా తోమలేదక్కా" అన్నాడు.

ఈ రోజు ఈయన అతన్ని గుర్తుపట్టలేదు. కోటు వైపు చూసి "ఎవరిది ఇది?" అని అడిగారు. దర్జీ తమ్ముడి ముఖం చిన్నబోయింది. వెంటనే సర్దుకుని, "పెళ్ళికొడుకుదండీ" అన్నాడు.

మార్చి 13

పాత కంపెనీ సరుకు రావడం ఆగిపోయింది. కొత్త కంపెనీ పెట్టెలు చూడ్డానికి ముచ్చటగా ఉన్నాయి, ఏది ఏదో మాత్రం తెలిసి చావదు. అన్నిటికీ అదే నీలం రంగు, మూలన చీమంత అంకె. రక్తం పలచబరిచే మాత్రలైతే మరీ ఘోరం. పాతవాళ్ళు ఒక మిల్లీగ్రాముకు ఒక రంగు, ఐదుకు ఒక రంగు పెట్టేవారు. వీళ్ళవి పెట్టెలూ ఒకటే, లోపల మాత్రలూ ఒకటే తెలుపు. అందంగా ఉంటే చాలనుకుంటారు కాబోలు, వేసుకునేవాళ్ళు ఎలా పోతే వాళ్ళకేం.

రెండూ వేరువేరు అరల్లో పెట్టాలి. రేపు.

మార్చి 14

ఈయనకు నిద్ర లేదు, నాకూ లేదు. అరల పని రేపు.

మార్చి 17

ఒక ఉపాయం దొరికింది. ఈయన ఆగు అన్నప్పుడు మందు చేతిలోకి తీసుకుని, కౌంటర్ కిందికి దించి, మళ్ళీ పైకి తీసి "ఇప్పుడు చూడండి" అంటున్నాను. అదే మందు. ఈయన తిప్పి చూసి సరే అంటారు. ఈయనకు తృప్తి, వరసలో నిలబడ్డవాళ్ళకు ఆలస్యం లేదు.

ఇందులో మోసమేముంది. నేను ముందే చూసుకున్న మందే కదా.

మార్చి 19

ఈ రోజు రద్దీ చెప్పలేను. అకాల వానలకో ఏమో ఊరంతా దగ్గులూ జ్వరాలే. ఒక తల్లి చంకలో బిడ్డ గుక్కపట్టి ఏడుస్తోంది, ఎవరో బయట హారన్ కొడుతున్నారు, ఫోన్ మోగుతోంది. అప్పుడే దర్జీ తమ్ముడి మాత్రలు పట్టుకుని ఈయన ఆగు అన్నారు.

ఎప్పట్లాగే తీసుకుని, కిందికి దించి, పైకి తీసి "ఇప్పుడు చూడండి" అన్నాను. మళ్ళీ ఆగు అన్నారు. ఈసారి గుప్పిట బిగించారు. "ఇది ఇతనిది కాదు" అన్నారు.

దర్జీ తమ్ముడు నవ్వేశాడు. "బావగారు నన్ను పూర్తిగా మర్చిపోయారక్కా" అన్నాడు.

నాకు చిర్రెత్తుకొచ్చింది. ఇతను ఎవరో తెలియకపోతే పోనీ, మందేం చేసింది? ఈయన వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి తీసుకున్నాను. ఆ వేళ్ళలో ఇంకా అంత పట్టు ఉందని నాకు తెలియదు. మాత్రలు వేరేగా ఉన్నాయేమని దర్జీ తమ్ముడు అడిగితే, కంపెనీ మారింది, మందు అదే, ఎప్పట్లాగే రోజుకు మూడు వేసుకో అని చెప్పి పంపాను.

సాయంత్రందాకా ఈయన నాతో మాట్లాడలేదు. ఎందుకు అలిగారో అప్పటికే మర్చిపోయారు. అలక మాత్రం మిగిలింది.

మార్చి 21

ఈ రోజు ఒక్క ఆగు కూడా లేదు. అన్నిటికీ సరే. రోజు హాయిగా గడిచింది.

మార్చి 24

అమ్మాయి ఫోన్. నాన్న ఎలా ఉన్నారంటే బ్రహ్మాండంగా ఉన్నారన్నాను.

మార్చి 27

దర్జీ షాపు తలుపు తియ్యలేదు.

మార్చి 28

పొద్దున్నే పెద్దాస్పత్రి నుంచి డాక్టరమ్మ ఫోన్ చేసింది. దర్జీ తమ్ముడు మొన్న మిషను మీద పని చేస్తూ చేస్తూ పక్కకు ఒరిగిపోయాడట. మెదడులో రక్తం కారిందట. రెండు రోజులుగా చిగుళ్ళ నుంచి రక్తం వస్తుంటే బ్రష్షు గీసుకుందనుకున్నాడట. "మీ షాపు నుంచి ఏ మాత్ర, ఎంత మోతాదుది వెళ్ళిందో చెప్పండి, మాకు త్వరగా కావాలి" అంది. చూసి చెబుతానన్నాను.

అర దగ్గరికి వెళ్ళడానికి నాలుగడుగులు. ఈయన స్టూలు మీద కూర్చుని కోటు గుండీలు పెట్టుకుంటూ తీస్తూ ఉన్నారు.

వెళ్ళాను. చూశాను.

ఒక మిల్లీగ్రాము పెట్టెకు సీలు కూడా విప్పలేదు. విప్పింది ఐదుది. మూడు మిల్లీగ్రాములు వేసుకోవాల్సిన మనిషి రోజూ పదిహేను వేసుకున్నాడు. నేను చెప్పినట్టే, ఎప్పట్లాగే, మూడు మాత్రలు.

ఫోన్ చేసి "ఐదు మిల్లీగ్రాములవి వెళ్ళాయి" అని చెప్పాను. డాక్టరమ్మ థాంక్స్ చెప్పి పెట్టేసింది. థాంక్స్ ఎందుకు చెప్పిందో.

రెండు పెట్టెలూ వేరువేరు అరల్లో పెట్టాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

మార్చి 29

అమ్మాయి పరిగెత్తుకొచ్చింది. లోపలికి వస్తూనే, "నాన్నే కదా?" అంది.

నేను ఏడుస్తున్నాను. ఏడుస్తున్న మనిషిని ఎవరూ రెండో ప్రశ్న వెయ్యరు. అది నన్ను పట్టుకుని, "నీ తప్పేం లేదమ్మా, నేను అప్పుడే గట్టిగా చెప్పాల్సింది" అంది.

ఎవరూ నన్ను అడగలేదు. అడిగితే చెప్పేదాన్నే.

మార్చి 31

ప్రాణానికి ప్రమాదం తప్పిందట. కుడి చెయ్యి, కుడి కాలు లేవడం లేదట. మాట ముద్దగా వస్తోందట.

కుడి చెయ్యి.

ఏప్రిల్ 2

డ్రగ్ ఇన్‌స్పెక్టరు గారు వచ్చారు. మర్యాదస్తుడు. ఈయన సంగతి ఎవరో చెప్పినట్టున్నారు. స్టూలు మీద కూర్చున్న ఈయన్ని చూసి గొంతు తగ్గించి మాట్లాడారు. పెద్దాయన చేతి మీదుగా వెళ్ళినట్టు నివేదిక పంపుతాననీ, ఇక మీదట ఆయన్ని కౌంటర్ లోపలికి రానివ్వొద్దనీ, అలా అయితే షాపుకు గానీ నా రిజిస్ట్రేషన్‌కు గానీ ఇబ్బంది ఉండదనీ చెప్పారు. "మీరు మాత్రం ఎంతమందిని కనిపెట్టుకుని ఉంటారమ్మా" అన్నారు.

తల ఊపాను. నేను అబద్ధం ఆడలేదు. మందు ఈయన చేతి మీదుగానే వెళ్ళింది.

షాపు పోతే ఏం తిని బతకాలి? ఈయనకు మందులు ఎక్కడినుంచి వస్తాయి? ఈయనకేమో ఎవరేమన్నా గంటలో గుర్తుండదు. గుర్తుండని మనిషికి మాట పడితే ఏం, పడకపోతే ఏం. నేనైతే మోయలేను. ఈయనైతే మోసే పని కూడా లేదు.

పైన రాసింది మళ్ళీ చదివాను. నా చేతిరాతే.

ఏప్రిల్ 3

అమ్మాయి ఈయన కోటు విప్పించి, మడిచి బీరువాలో పెట్టేసింది. నాకు పని ఉంది, నేను షాపుకు వెళ్ళాలి, నా కోటు ఇవ్వమని వెంటపడ్డారు. అది ఓపిక పట్టీ పట్టీ చివరికి, "నాన్నా, మీరిచ్చిన తప్పు మందు వల్ల ఒక మనిషి మంచాన పడ్డాడు. ఇంక షాపు మాట ఎత్తొద్దు" అనేసింది. అని, వెంటనే తనే ఏడ్చింది. దానికి తండ్రంటే ప్రాణం.

ఈయన ఏడవలేదు. మంచం అంచున కూర్చుని, "ఏ మందు?" అని అడిగారు. అమ్మాయి నా వైపు చూసింది.

నేను వంటింట్లోకి వెళ్ళాను.

ఏప్రిల్ 6

ఇది రాయాలా వద్దా అని పొద్దుటినుంచీ ఆలోచిస్తున్నాను.

మరదలు వచ్చింది. దర్జీ తమ్ముడి భార్య, నన్ను వదినా అంటుంది, ఈయన్ని అన్నయ్యా అంటుంది. ఆస్పత్రిలో రాసిన మందుల చీటీ తెచ్చింది. ఇన్ని షాపులుండగా మళ్ళీ మా దగ్గరికే ఎందుకొచ్చిందో. మనిషి సగమైపోయింది.

అప్పుడే ఈయన పైన మా వాటాలోంచి షాపులోకి మెట్లు దిగి వచ్చారు. అమ్మాయి మెట్ల తలుపు గడియ పెట్టడం మర్చిపోయింది. ఆమె ఎవరో ఈయనకు తెలియదు. కానీ ఆమె ముఖం చూసి ఏమనిపించిందో, గబగబా వచ్చి ఆమె చెయ్యి రెండు చేతుల్తో పట్టుకున్నారు. "నేనే తల్లీ. నావల్లే అయింది. నేను చూడాల్సింది. చూడకుండా ఇచ్చేశాను" అన్నారు. వెక్కి వెక్కి ఏడ్చారు. ఇన్నేళ్ళలో ఈయన ఏడవడం నేను చూడలేదు, వాళ్ళమ్మ పోయినప్పుడు కూడా.

చూడకుండా ఇచ్చేశానన్నారు. ఈయన. జీవితంలో ఒక్క మందు కూడా చూడకుండా ఇవ్వని మనిషి.

మరదలు ఈయన వైపు చూడలేదు. నా వైపు చూసింది. చాలాసేపు చూసింది.

నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. తర్వాత మందులు తీసి, చీటీతో సరిచూసి, మళ్ళీ సరిచూసి, ఆమె చేతికిచ్చాను. ఎలా వెయ్యాలో చెప్పమంటే తిరిగి చెప్పింది. తప్పు లేకుండా చెప్పింది. మందులు తీసుకుని వెళ్ళిపోయింది.

ఏప్రిల్ 7

ఆమె అడిగి ఉంటే చెప్పేదాన్నే.

ఏప్రిల్ 10

ఈయన అన్నం సరిగా తినడం లేదు. లేచినప్పటినుంచీ ముఖం అదోలా ఉంటుంది. ఏం జరిగిందో గుర్తులేదు, ఏదో జరిగిందని మాత్రం గుర్తుంది. "నేను ఎవరికో ఏదో చేశాను కదా?" అని అడుగుతారు. ఏం లేదండీ అంటాను. నమ్మరు. అలక మిగిలినట్టే ఇదీ మిగిలింది. మరిచిపోతారు, మోసే పని లేదు అని నేను రాసుకున్నాను. నాకు తెలిసిన జబ్బే, నేను చదువుకున్న జబ్బే.

ఏప్రిల్ 12

ఈయన బీపీ మాత్ర అరచేతిలో పెడితే చెయ్యి వెనక్కి లాక్కున్నారు. "వద్దు. నేను ముట్టుకుంటే మనుషులు పోతారు" అన్నారు.

నీళ్ళ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడ్డాను. చివరికి చిన్నపిల్లాడికి పెట్టినట్టు నేనే నోట్లో పెట్టాను. నోరు తెరిచారు. నా చేతిలోంచి ఏది పెట్టినా నోరు తెరుస్తారు. చూడకుండా.

ఇంక నావల్ల కాదు.

ఏప్రిల్ 14

మధ్యాహ్నం షాపు మూసి దర్జీ తమ్ముడి ఇంటికి వెళ్ళాను. ముందుగదిలోనే మిషను, దాని మీద దుప్పటి కప్పి ఉంది. మరదలు నేల మీద కూర్చుని, కుట్టకుండా మిగిలిపోయిన గుడ్డలు మడత పెడుతోంది. ఎవరివి వాళ్ళకు తిరిగిచ్చెయ్యాలట. కిటికీ పక్క మంచం మీద దర్జీ తమ్ముడు నిద్రపోతున్నాడు. కుడి చేతిని దిండు మీద ఎత్తి పెట్టారు. ఆ చెయ్యి మాత్రం ఎప్పట్లాగే ఉంది, చూపుడువేలు చివర సూది పోట్లతో గరుకుగా.

కూర్చోమంది. కూర్చోలేదు. కూర్చుంటే చెప్పలేనని భయం.

"ఆయన తప్పు కాదు. మందు తీసింది నేను. ఆయన ఆగు అన్నారు, రెండుసార్లు అన్నారు. నేనే ఆయన చేతిలోంచి లాక్కుని ఇచ్చాను" అన్నాను.

ఆమె మడత ఆపలేదు.

"తెలుసు వదినా" అంది.

ఎలా తెలుసని అడిగాను.

"ఆ రోజు ఇంటికొచ్చి ఒకటే నవ్వు. బావగారు నా మాత్రలు నాకివ్వనన్నారు, గుప్పిట పట్టేశారు, పాపం అక్క వేళ్ళు విడదీసి ఇచ్చింది అని. ఎలా పట్టుకున్నారో చేసి చూపించాడు కూడా." చేతిలో ఉన్న గుడ్డ పక్కన పెట్టింది. "ఆస్పత్రిలో డాక్టరమ్మ మాత్ర తప్పు వెళ్ళిందని చెప్పగానే నాకు ఆ గుప్పిటే గుర్తొచ్చింది."

మరి ఎవరికీ ఎందుకు చెప్పలేదని అడిగాను.

"చెబుతారేమోనని మీ షాపుకే వచ్చాను. అన్నయ్య నా చెయ్యి పట్టుకుని ఏడుస్తుంటే మీ వంక చూశాను. ఇప్పుడైనా అంటారనుకున్నాను" అంది.

ఏదో అనబోయాను. క్షమించమనే అనబోయి ఉంటాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"అది మాత్రం అడక్కండి వదినా. ఇప్పుడు నావల్ల కాదు. అన్నయ్యకి చెప్పండి. ఆయన చేసిన తప్పేంటి, ఏడవడానికి?"

వస్తుంటే దర్జీ తమ్ముడు కళ్ళు తెరిచాడు. నన్ను చూసి నోరు కదిపాడు. అక్కా అన్నాడో, ఇంకేమన్నా అన్నాడో. అక్కా అనే అని ఉంటాడు. వాడు మంచివాడు.

ఏప్రిల్ 15

ఇన్‌స్పెక్టరు గారికి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన "ఇప్పుడెందుకమ్మా" అన్నారు. తర్వాత ఆయన గొంతు మారింది. విచారణ ఉంటుందన్నారు, అందాకా షాపు తెరవొద్దన్నారు, రిజిస్ట్రేషన్ ఏమవుతుందో తన చేతుల్లో లేదన్నారు. మంచిదండీ అన్నాను.

అమ్మాయికి కూడా చెప్పాను. "నా చేత నాన్నని అనిపించావు" అంది. అంతే. లేచి బీరువా తెరిచి, కోటు తీసి, ఈయనకు తొడిగి, గుండీలు పెట్టి వెళ్ళిపోయింది. నాకు వెళ్ళొస్తానని చెప్పలేదు.

ఏప్రిల్ 16

ఈయనకు చెప్పాను. కాఫీ తాగాక, ఎదురుగా కూర్చుని, మందుల సంగతి ఎలా చెప్పాలో ఈయన నేర్పినట్టే చెప్పాను. చిన్న మాటల్లో, ఒక్కొక్కటిగా. తప్పు మందు వెళ్ళింది. తీసింది నేను. మీరు పట్టుకున్నారు. ఆగు అన్నారు. నేను వినలేదు. మీ తప్పు లేదు.

"నేను పట్టుకున్నానా?" అన్నారు.

"పట్టుకున్నారు."

ముఖం ఎంత తేటపడిందో. ఆ తర్వాత అడిగారు: "మనిషి ఉన్నాడా?" ఉన్నాడని చెప్పాను. కుడి చెయ్యి పోయిందని కూడా చెప్పాను. ముఖం మళ్ళీ వాడిపోయింది. కాసేపటికి, "నువ్వెందుకు చూడలేదు?" అన్నారు. కోపంగా కాదు. నిజంగా అర్థంకాక.

మధ్యాహ్నం అన్నం బాగా తిన్నారు.

ఏప్రిల్ 17

లేస్తూనే, "నేను ఎవరికో ఏదో చేశాను కదా?"

మళ్ళీ చెప్పాను.

ఏప్రిల్ 18

చెప్పాను.

ఏప్రిల్ 23

అమ్మాయి ఫోన్ చేసింది, ఇన్నాళ్ళకు. రోజూ ఇదే మాట నేను చెబుతున్నానంటే దానికి గుండె కరిగినట్టుంది. "అసలేం జరగలేదని చెప్పమ్మా. ఎలాగూ మర్చిపోతారు. ఇద్దరూ ప్రశాంతంగా ఉంటారు" అంది.

ఏప్రిల్ 24

అమ్మాయి మాట విని ఏం జరగలేదండీ, అందరూ బాగున్నారు అన్నాను. నా ముఖంలోకి చూశారు. డాక్టరు రాసిన చీటీలో అంకె సరిగ్గా లేకపోతే చూసే చూపది. రోజంతా మంచం దిగలేదు.

ఏప్రిల్ 25

చెప్పాను. లేచి తిన్నారు.

మే 9

విచారణకు వెళ్ళి వచ్చాను. ముగ్గురు కూర్చున్నారు. రెండో మనిషి మందు ఆపినా మీరెందుకు ఇచ్చారని ఒకాయన అడిగారు. మా ఆయన మాట మీద నాకు నమ్మకం పోయిందండీ అన్నాను. నమ్మకం పోయినప్పుడు ఆయన్ని అక్కడ ఎందుకు కూర్చోబెట్టారని ఇంకొకాయన అడిగారు. ఆయనకు తన మీద నమ్మకం పోకూడదని అన్నాను. వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. బయటికి చెబితే గానీ నాకే తెలియలేదు అది ఎంత తెలివితక్కువ పనో. రోగులనేమో కౌంటర్ అవతల నిలబెట్టి, నేను నా మొగుడికి వైద్యం చేసుకుంటూ కూర్చున్నాను.

మే 20

రిజిస్ట్రేషన్ ఆపేశారు. షాపు తాళాలు అమ్మాయికి ఇచ్చాను, ఎవరైనా తీసుకుంటారేమో చూడమని. అమ్మాయి తాళాలు తీసుకుని, నా భుజం మీద చెయ్యి వేసింది.

దర్జీ తమ్ముడు గోడ పట్టుకుని నాలుగడుగులు వేస్తున్నాడట. చెయ్యి అలాగే ఉందట. మరదలు ఒక బట్టల షాపులో పనికి కుదిరిందట. ఇవన్నీ వేరేవాళ్ళు చెబితే తెలిశాయి. నేను ఆ ఇంటికి వెళ్ళడం లేదు. పిలిచినప్పుడు వెళ్తాను. పిలవకపోతే అదీ న్యాయమే.

జూన్ 2

చెప్పాను.

జూన్ 11

ఈయన ఈ రోజు నన్ను గుర్తుపట్టలేదు. పొద్దున కాఫీ ఇస్తుంటే లేచి నిలబడి, "మీరు శ్రమ పడకండి" అన్నారు. పెళ్ళినాటినుంచీ నన్ను నువ్వు అనే మనిషి. కూర్చోండి అన్నాను. కూర్చున్నారు. కోటు గుండీలన్నీ సరిగ్గా పెట్టుకుని ఉన్నారు.

కాసేపటికి ఎప్పటి ప్రశ్నే. "నేను ఎవరికో ఏదో చేశానండీ. మీకేమన్నా తెలుసా?"

తెలుసన్నాను. చెప్పాను. ఒక ఫార్మసీలో ఒకావిడ తప్పు మందు తీసింది. మీరు కాదు, ఆవిడ. ఒక దర్జీకి కుడి చెయ్యి పోయింది. నేను అనలేకపోయాను, ఆవిడ అన్నాను. ఎదురుగా ఉన్నది ఎవరో తెలియని మనిషికి నేను అని చెబితే ఏం తెలుస్తుంది అనుకున్నాను. ఏమో, అదీ సాకేనేమో.

శ్రద్ధగా విన్నారు. దర్జీ మాట వచ్చినప్పుడు కళ్ళు మూసుకున్నారు. తర్వాత ఆవిడ గురించి అడిగారు. ఆవిడ ఇప్పుడెలా ఉంది, తింటోందా, నిద్రపోతోందా అని. కౌంటర్ అవతల నిలబడ్డవాళ్ళను అడిగే పద్ధతిలోనే అడిగారు. అంతంతమాత్రమేనండీ అన్నాను.

"పాపం" అన్నారు. "ఒక్కరే ఉంటే అలాంటివే జరుగుతాయండీ. ఎంత చదువుకున్నా, ఎంత జాగ్రత్త ఉన్నా. ఆవిడ పక్కన రెండో మనిషి ఎవరూ లేరా?"

"ఉన్నారండీ" అన్నాను. "ఆయన ఆపారు. నేనే వినలేదు."